ఏ దుకాణంలోనైనా కిలో ధర కనబడాలి, తూకం సరిచూసుకునే కాటా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో ఇప్పుడు ఏ ఇంటివారూ సరుకులన్నీ ఒకే చోట కొనడం లేదు. కూరగాయలకు సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, కంచరపాలెం వంటి చోట్ల ఉన్న రైతు బజార్లకు వెళ్తున్నారు. పప్పులూ చింతపండూ వీధి మలుపులోని కిరాణా కొట్టులో తెచ్చుకుంటున్నారు. సబ్బులు, నూనె ప్యాకెట్లు, గోధుమపిండి సూపర్‌మార్కెట్లో తీసుకుంటున్నారు. చేపలు గుమ్మం దగ్గరికి వచ్చే తట్టలో ఏరుకుంటున్నారు. పొద్దున్నే పాలు లేవని గుర్తొస్తే ఫోనులో తెప్పించుకుంటున్నారు. పండగ ముందు ఎక్కువ మొత్తంలో కొనాలంటే పాతనగరంలో పూర్ణా మార్కెట్టు ఎలాగూ ఉంది. ఇన్ని రకాల దుకాణాలు పక్కపక్కనే నిలబడి ఉండడం నగరానికి మేలే. అయితే ఒకే కందిపప్పు ధరను ఒక చోట కిలో లెక్కన, ఇంకో చోట అరకిలో లెక్కన, మరో చోట గ్రాము లెక్కన చెబుతుంటే ఏది చవకో ఏది ప్రియమో పోల్చి చూసుకునే వీలు కొనేవారికి లేకుండా పోతోంది. ఏ దుకాణంలోనైనా కిలో ధర కళ్లకు కనబడాలనీ, తీసుకున్న సరుకును అక్కడికక్కడే తూచి చూసుకునే కాటా అందుబాటులో ఉండాలనీ నా విన్నపం. లెక్కల ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఈ సంగతిని కొంత లెక్కలతోనే చెబుతాను.

ఈ విషయంలో రైతు బజారు మనకు నేర్పిన అలవాటు గొప్పది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ ఏర్పాటుకు పాతికేళ్లు దాటాయి. టోకు ధర కంటే కొంత ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఆ రోజు ధరను నిర్ణయించి, లోపలికి వెళ్లే దారిలోనే బోర్డు మీద రాస్తారు. పెందుర్తి, ఆనందపురం, సబ్బవరం వైపు ఊళ్ల నుంచి తెల్లవారకముందే కూరలు దించే రైతుకూ, సంచి పట్టుకుని వచ్చే మనకూ ఆ బోర్డు మీది అంకే కొలమానం. చదువు రాని పెద్దావిడ కూడా పక్కవారిని అడిగి వంకాయల ధర తెలుసుకుని మరీ లోపలికి అడుగుపెడుతుంది. లోపం లేదని అనను. బోర్డు మీద ఒక కూరకు ఒకే ధర ఉంటుంది. లోపల లేత బెండకాయలకూ, నిన్న మిగిలిపోయి ముదిరిన బెండకాయలకూ అదే ధర చెబుతారు. రకాన్ని బట్టి రెండు ధరలు రాస్తే రైతుకూ న్యాయం జరుగుతుంది. కానీ ధర ముందు తెలుసుకుని, ఆ తర్వాత సరుకు ఎంచుకునే పద్ధతి మిగతా దుకాణాలకు ఎందుకు పాకలేదన్నదే నా ప్రశ్న.

చేపల అమ్మకం ఇందుకు పూర్తిగా వేరు. అక్కడ బోర్డూ లేదు, చాలాసార్లు కాటా కూడా లేదు. జాలరిపేట నుంచి వచ్చే అమ్మ తట్ట దించి, నెత్తళ్లు ఒక పోగు, రొయ్యలు ఒక పోగు పెడుతుంది. చందువ మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపిస్తుంది. వీపు మీద వేలితో నొక్కి చూసుకోమంటుంది. పోగు ఇంత అని ఆమె అంటే ఇంతకిస్తావా అని మనం అంటాం. బేరం తెగాక ఒక పిడికెడు నెత్తళ్లు కొసరు వేసి తట్ట ఎత్తుకుంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆగిపోయే 61 రోజుల్లో ఆ పోగు చిన్నదైపోతుంది, కానీ చిన్నదైందని మన కళ్లకు కనబడుతూనే ఉంటుంది. ఆకుకూర కట్ట, అరటి అత్తం, మల్లెపూల మూర, డజను తాటి ముంజెలు అన్నీ ఇలాంటివే. కాటా లేని అమ్మకమంతా మోసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సరుకు మొత్తం కొనేవారి ఎదుట పరిచి ఉన్నప్పుడు కన్నే కాటా. సరుకు ప్యాకెట్టు లోపలికి వెళ్లి, మన కంటికి అట్టపెట్టె మీది బొమ్మ మాత్రమే మిగిలినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

దానికి ముందు కిరాణా కొట్టు గురించి నాలుగు మాటలు చెప్పాలి. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం ఉద్యోగుల ఇళ్లలో జీతం పడేవరకు పద్దు రాయించి సరుకులు తెచ్చుకోవడం తరాల నాటి అలవాటు. మల్కాపురం, గాజువాక, కంచరపాలెం వీధుల్లో రోజు కూలి మీద బతికేవారికి పది రూపాయల పసుపు, ఇరవై రూపాయల నూనె కొలిచి ఇచ్చేది కూడా ఈ కొట్లే. ఈ పని ఏ సూపర్‌మార్కెట్టూ చేయదు, చేయలేదు. మా వీధి కొట్టాయన అనకాపల్లి బెల్లం దిమ్మను ఇనుప కడ్డీతో కొట్టి, విరిగిన ముక్కను కాటా మీద పెట్టి, తక్కువైతే పక్కన రాలిన పొడిని చేర్చి, అంకె నిలిచిందాకా ఆగి, మమ్మల్ని చూడమని చెప్పి అప్పుడు పొట్లం కడతారు. తూకం సంగతిలో ఆయన మీద నాకు రవంత అనుమానం లేదు. ధర మాత్రం అడిగితే తప్ప తెలియదు. అప్పు పద్దు ఉన్న ఇల్లాలికి ప్రతి సరుకు దగ్గరా ఆగి ఎంత అని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. నెలాఖరున మొత్తం చూసి నిట్టూర్చడమే మిగులుతుంది. రోజూ పోయే పది పదిహేను సరుకుల కిలో ధరలు ఒక పలక మీద రాసి కొట్టు ముందు వేలాడదీయడానికి ఖర్చు ఏమీ కాదు. అలా చేస్తే సూపర్‌మార్కెట్టు కంటే తమ దగ్గర ఏయే సరుకు చవకో ఆ కొట్టువారే చూపించుకోగలుగుతారు.

చూపించుకోవడానికి వారి దగ్గర ఒక కారణం కూడా ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి చీటీ అతికించిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ ఉంది. బస్తా విప్పి విడిగా తూచి ఇచ్చే సరుకు మీద అది లేదు. బియ్యం దుకాణాల్లో 26 కిలోల బస్తాలు కనబడడం వెనుక ఉన్న సంగతి ఇదే. ఉదాహరణకు 25 కిలోల బస్తా 1,400 రూపాయలు, 26 కిలోల బస్తా 1,430 రూపాయలు అని చెబితే రెండోది ప్రియమన్నట్టు చెవికి వినిపిస్తుంది. కిలోకు లెక్క కడితే మొదటిది 56 రూపాయలు, రెండోది 55 రూపాయలు. దుకాణంలో నిలబడి, వెనుక మరో నలుగురు ఎదురుచూస్తుండగా ఈ భాగహారం ఎందరు చేసుకోగలరు? ఆ లెక్క చేసి రాసి పెట్టాల్సింది అమ్మేవారే.

ప్యాకెట్ల విషయంలో ఆ బాధ్యతను చట్టం ఇప్పటికే అమ్మేవారి మీద పెట్టింది. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనలను 2021లో సవరించి రెండు మార్పులు చేశారు. బిస్కట్లు, టీ పొడి, వంటనూనె, సబ్బులు వంటి సరుకులను ఫలానా తూకాల్లోనే ప్యాక్ చేయాలన్న పాత జాబితాను తీసేశారు. దానికి బదులుగా ఎమ్మార్పీతో పాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీద ముద్రించాలన్నారు. మొదటి మార్పు ఫలితం మన వంటింట్లోనే కనబడుతోంది. అరకిలో, కిలో అని మనం తడుముకోకుండా చెప్పే చోట ఇప్పుడు 450, 800, 850, 900 గ్రాముల ప్యాకెట్లు ఉన్నాయి. ఎత్తులోనూ వెడల్పులోనూ పాత కిలో ప్యాకెట్టుకూ వీటికీ తేడా కనిపెట్టడం కష్టం. జాలరి అమ్మ పోగు తగ్గిస్తే చూసి బేరమాడగలం. ప్యాకెట్టు తగ్గితే ఎవరితో బేరమాడతాం?

ఇక రెండో మార్పును నేను మనసారా స్వాగతించాను, కానీ దాన్ని అమలు చేసే పద్ధతిలో పెద్ద చిక్కు ఉంది. కిలోకు తక్కువ ఉన్న ప్యాకెట్టు మీద గ్రాము ధర వేయాలి. కిలోకు మించిన ప్యాకెట్టు మీద కిలో ధర వేయాలి. అంటే 900 గ్రాముల పిండి ప్యాకెట్టు 171 రూపాయలైతే దాని మీద గ్రాముకు 0.19 అని ఉంటుంది; పక్కనే ఉన్న కిలోన్నర ప్యాకెట్టు 276 రూపాయలైతే కిలోకు 184 అని ఉంటుంది. 0.19ని కిలో లెక్కకు మార్చి, అది 190 అని గ్రహించి, 184 కంటే ఆరు రూపాయలు ఎక్కువని తేల్చుకున్నవారికే ఆ ముద్రణ వల్ల ప్రయోజనం. అంతకంటే బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. గ్రాము ధరను రెండు దశాంశాలకు సవరించి వేయమన్నారు. 93 రూపాయల అరకిలో ప్యాకెట్టుకు గ్రాము ధర 0.186, 97 రూపాయల అరకిలో ప్యాకెట్టుకు 0.194. సవరించాక రెంటి మీదా పడేది 0.19 మాత్రమే. కిలోకు 186 రూపాయల సరుకూ 194 రూపాయల సరుకూ ఒకే ధర అన్నట్టు కనబడతాయి. కిలోకు ఎనిమిది రూపాయల తేడా కనబడకుండా పోయే ఈ లెక్కను ఏడో తరగతి పిల్లలు నల్లబల్ల మీద చేసి చూపగలరు. 50 గ్రాముల పొట్లమైనా ఐదు కిలోల సంచి అయినా ఘనపదార్థాలన్నిటికీ కిలో ధర, ద్రవాలన్నిటికీ లీటరు ధర వేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధన మార్చాలి. అక్షరాలు ఎమ్మార్పీ అంత పెద్దవిగా ఉండాలి, తెలుగులో కూడా ఉండాలి.

వంటనూనె మాట వేరే చెప్పాలి. లీటరు అనేది ఘనపరిమాణం. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, కాబట్టి అదే లీటరులో పట్టే నూనె బరువు వేడిని బట్టి తగ్గుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది. కొన్ని కంపెనీలు ప్యాకెట్ల మీద ఇలా ఎక్కువ ఉష్ణోగ్రతను పేర్కొంటున్నాయని గమనించిన కేంద్ర శాఖ, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణాన్నీ బరువునూ రెంటినీ ముద్రించాలని 2022 ఆగస్టులో చెప్పి, చీటీలు మార్చుకోవడానికి 2023 జనవరి 15 వరకు గడువు ఇచ్చింది. లీటరు అన్న పెద్ద అక్షరాలను కాక, దాని దగ్గర చిన్నగా ఉండే గ్రాముల అంకెను చూసి నూనె కొనడం ఇంటింటా అలవాటు కావాలి.

ఇక్కడ పాఠకులకు ఒక హక్కు సంగతి తెలియజేయాలి. 2011 నాటి ఆ నిబంధనల్లోని 18వ నిబంధన ప్రకారం, పన్ను పరిధిలోకి వచ్చే చిల్లర దుకాణాలు ప్యాకెట్లు అమ్ముతున్నప్పుడు ఒక గ్రాము తేడాను కూడా చూపగల ఎలక్ట్రానిక్ కాటాను అందరికీ కనబడే చోట ఉంచి, కొన్న ప్యాకెట్టును ఉచితంగా తూచుకోనివ్వాలి. తూకం అచ్చైన చీటీ కూడా ఇవ్వాలి. మన నగరంలోని పెద్ద దుకాణాల్లో కూరగాయల దగ్గర కాటా ఉంటుంది, అది సిబ్బంది చేతిలో ఉంటుంది. కొనేవారి కోసమని బోర్డు పెట్టి ఉంచిన కాటా నాకు కనబడలేదు. అడిగితే బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్లమంటారు, అక్కడి వరుసలో ఉన్నవారు విసుక్కుంటారు. దుకాణదారులను తప్పు పట్టే ముందు మనం కూడా అడగడం మొదలుపెట్టాలి. కాటా ఎక్కడుందని ఒక్కో దుకాణంలో రోజుకు పది మంది అడిగితే అది దానంతట అదే ముందుకు వస్తుంది.

తూకంలో నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది మిఠాయి పెట్టె. మా ప్రాంతంలోని ఒక మిఠాయి దుకాణంలో ఇటీవల కిలో కాజాలు అడిగితే, దళసరి అట్టపెట్టెను కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయకుండానే కాజాలు సర్దారు. పెట్టె బరువు తీసేయమంటే, అందరికీ ఇలాగే ఇస్తున్నామన్నారు. గట్టిగా అడిగి ఖాళీ పెట్టెను విడిగా తూయించగా 85 గ్రాములు చూపింది. కిలో 600 రూపాయల మిఠాయి అయితే ఆ అట్టకు మనం ఇచ్చేది 51 రూపాయలు. తూకంలో సరుకు మాత్రమే లెక్కకు రావాలన్నది కొత్త నిబంధనేమీ కాదు. దసరాకూ దీపావళికీ ముందు తూనికలు, కొలతల శాఖవారు వారం పాటు నగరంలోని మిఠాయి దుకాణాల మీద ఒక్క ఈ విషయంలోనే దృష్టి పెడితే వేలాది కుటుంబాలకు మేలు జరుగుతుంది.

ఫోనులో తెప్పించుకునే సరుకుల గురించి ఎక్కువ చెప్పను. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉండే పెద్దవారికి అది నిజంగా ఆసరా. మూడో అంతస్తు మెట్లు దిగలేనివారిని బజారుకు వెళ్లి కొనమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ సరుకు ధర మొదటి తెరలో చూపి, నిర్వహణ రుసుము, చిన్న ఆర్డరు రుసుము వంటివి చివరి తెరలో కలపడం న్యాయం కాదు. ధరను ఇలా విడతలుగా బయటపెట్టడాన్నీ, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్నీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించిన 13 రకాల ఎత్తుగడల్లో చేర్చింది. రుసుములన్నీ కలిపాక కిలో కందిపప్పు ఎంతకు పడిందో బిల్లు మీద ఒక్క వరుసలో చూపిస్తే, వీధి కొట్టుకు వెళ్లాలో వద్దో ఎవరికి వారు తేల్చుకుంటారు.

కాటాల తనిఖీ గురించి కూడా చెప్పాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ప్రతి 12 నెలలకు, తూకపు రాళ్లకూ త్రాసుకూ ప్రతి 24 నెలలకు మళ్లీ సీలు వేయించాలి. ఆ ధ్రువపత్రాన్ని దుకాణంలో అందరికీ కనబడేలా పెట్టాలి. తోపుడు బండి మీద జామకాయలు అమ్ముకునే మనిషి ఒక రోజు వ్యాపారం మానుకుని కాటా పట్టుకుని కార్యాలయానికి వెళ్లడం జరిగే పని కాదు. ఆయన మీద కేసు రాసి వెళ్లిపోవడం న్యాయమూ కాదు. తూనికలు, కొలతల శాఖవారే ఏడాదికి ఒకసారి ప్రతి మార్కెట్టుకూ వచ్చి, చిన్న వ్యాపారుల కాటాలను అక్కడే సరిచూసి సీలు వేసి ఇవ్వాలి. బండ్ల వారి ప్రతినిధులు కూడా ఉండే పట్టణ విక్రయ కమిటీలు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద ఏర్పడేవే కనుక, ఈ సీలు వేసే శిబిరం ఎప్పుడన్నది ఆ కమిటీల ద్వారా ముందుగా తెలియజేయవచ్చు.

కొన్నవారు తమంతట తాము తూకం చూసుకోవడానికి మన నగరపాలక సంస్థ జీవీఎంసీ, రైతు బజార్లను చూసే మార్కెటింగ్ శాఖ కలిసి పూర్ణా మార్కెట్టులోనూ, ప్రతి రైతు బజారులోనూ, చేపల రేవు దగ్గర చిల్లర అమ్మకాలు జరిగే చోటా ఒక్కొక్క కాటా పెట్టాలి. దాన్ని బజారు నిర్వహణ చూసే ఎస్టేట్ అధికారి గదిలో కాకుండా, సంచులతో బయటికి వచ్చే దారిలోనే ఉంచాలి. దాని పక్కన బోర్డు మీద, తూకం తగ్గితే ఆ ప్రాంగణంలో ఎవరికి చెప్పాలో, అక్కడ పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఎలా ఫోను చేయాలో పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి. ఐదు లక్షల రూపాయల లోపు విలువైన ఫిర్యాదుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కట్టనక్కర్లేదన్న సంగతిని కూడా అక్కడే రాస్తే, కోర్టు అనగానే వెనకడుగు వేసేవారికి ధైర్యం వస్తుంది.

మీ పత్రికకు కూడా ఒక మనవి. విశాఖ నగర పేజీలో రోజూ ఒక మూల రైతు బజారు ధరలతో పాటు, అదే రోజు పూర్ణా మార్కెట్టులో విడిగా దొరికే కందిపప్పు, మినపప్పు, పంచదార, బెల్లం, సోనా మసూరి బియ్యం, లీటరు వేరుశనగ నూనె ధరలను కిలో, లీటరు లెక్కన ప్రచురించండి. సంక్రాంతి కొనుగోళ్లు మొదలయ్యే డిసెంబరు మధ్య నాటికి ఈ పట్టిక రావడం మొదలైతే, చీటీ రాసుకుని బజారుకు బయలుదేరే ప్రతి ఇంటికీ అది పనికొస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.